వరద మీద లోగో మా బావ తేలించలేదు

మీరు అబద్ధానికి దండం పెట్టారు. ఫోన్లో ఆ వీడియో చూశారు, కింద చేతులు జోడించిన బొమ్మ నొక్కారు, తెలిసిన గ్రూపులన్నింటికీ పంపి మీ పనిలో మీరు పడ్డారు. అందుకే ఇది మీకే రాస్తున్నాను.

మా అక్క భర్త, మా బావ, పోయిన వారం చనిపోయాడు. గుండెపోటు. విజయవాడలో ఒక వార్తా చానెల్లో చాలా ఏళ్ళు గ్రాఫిక్స్ పని చేశాడు. ఆ చానెల్ నివాళి పేరుతో వీడియో వదిలింది. మునిగిన కాలనీ, ఆ వరద నీళ్ళమీద ఊగుతూ చానెల్ లోగో, పక్కన మా బావ ఫొటో. 'ఆయన చేతి చివరి అద్భుతం' అని కింద అక్షరాలు.

ఆ అద్భుతం మా బావ చెయ్యలేదు. చెయ్యనన్నాడు. చెయ్యనన్నందుకే ఉద్యోగం తీసేశారు.

ఆయన చేసింది వేరే ఉంది. ఆ చానెల్లో వార్తలు మొదలయ్యే ముందు కృష్ణ నీళ్ళు మెల్లగా అలలు కొడతాయి, వాటిమీద లోగో పడవలా ఊగుతుంది. అది ఆయనది. దానికోసం లోగో ఆకారంలో థర్మోకోల్ కోసి, కింద రాయి కట్టి, బందరు కాలవలో వదిలి, గట్టుమీద మోకాళ్ళమీద కూర్చుని ఫోన్లో తీశాడు. నేనూ ఉన్నాను. దారినపోయే ఒకాయన స్కూటర్ ఆపాడు.

"ఏవండీ, నిమజ్జనమా?"

"లేదండీ, ఇంకా పుట్టలేదు" అన్నాడు బావ, తల ఎత్తకుండానే.

రాయి ఎందుకని అడిగాను. "తేలేది ఏదైనా కొంచెం మునగాలిరా. మునగకపోతే అది తేలినట్టుండదు, గోడమీద పోస్టర్ అంటించినట్టుంటుంది" అన్నాడు. కంప్యూటర్లో కూడా అదే పద్ధతి. ముందు నీళ్ళు కదిలేవి. లోగో ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఒరిగేది. అంచు తడిసి నల్లబడేది. నీడ అలకి అల విరిగేది. "అల వచ్చాక లోగో ఒప్పుకోవాలి. ముందే ఒప్పేసుకుంటే మీ పార్టీవాళ్ళ తీర్మానంలా ఉంటుంది" అనేవాడు. పార్టీ జెండా మోసేవాణ్ణని నామీద విసుర్లు లేకుండా ఆయన పాఠం సాగేది కాదు. గుమ్మంలో నన్ను చూస్తే చాలు, "ఏమోయ్ బావమరిదీ, విప్లవం వచ్చిందా, బస్సు దొరకలేదా?"

అన్నం దగ్గర కూడా ఇదే గోల. పులుసులో మునక్కాయ ముక్కని వేలితో నొక్కి వదిలి, "చూడు, ఎంత నిజాయితీగా పైకొస్తోందో" అనేవాడు.

"తింటారా, దానికి ఉద్యోగం ఇస్తారా?" అనేది అక్క.

ఊళ్ళోకి నీళ్ళొచ్చిన ఏడాది వాళ్ళ కింది వాటా మొత్తం మునిగింది. ఇద్దరూ డాబా మీదికెక్కి పాల ప్యాకెట్ల కోసం పడవ వైపు చేతులూపారు. నీళ్ళు తగ్గకముందే బావకి ఆఫీసు నుంచి పిలుపు. కాలనీ దాటేదాకా పడవలో, ఆ తరవాత నడుంలోతు నీళ్ళలో నడిచి వెళ్ళాడు. డ్రోన్‌తో తీసిన కాలనీ చూపించి, ఎండీ చెప్పాడట:

"మన లోగో ఈ నీళ్ళమీద తేలాలండీ. జనంతో పాటు మనమూ ఉన్నామన్న ఫీలింగ్ రావాలి."

"ఆ నీళ్ళ కింద మా వంటిల్లుందండీ."

"అందుకేనండీ, మీరైతే ఇంకా బాగా చేస్తారు."

ఈ మాట బావ నాకు పామర్రులో, వాళ్ళ తమ్ముడి ఇంట్లో తలదాచుకున్నప్పుడు చెప్పాడు. చెబుతూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాలేదు. "నీళ్ళమీద ఏదన్నా పెట్టాలంటే కింద ఏముందో ఊహించుకుంటాను కదరా. ఇక్కడ ఊహించడానికేముంది? మీ అక్క బియ్యం డబ్బా ఉంది. చెయ్యనన్నాను" అన్నాడు.

వాళ్ళు ఆగలేదు. ఆయన పాత ఫైలు తెరిచి, ఆ లోగోని తీసి వరద మీద పరిచేశారు. కృష్ణ నీళ్ళకోసం చేసిన నీడ, మెరుపు కదా, బురదలో నీలాకాశం మెరిసింది. పామర్రులో టీవీ ముందు కూర్చుని బావ చూశాడు. "బురదకి ఆకాశం ఎక్కడిదిరా! కనీసం రంగన్నా మార్చుకోలేదు" అన్నాడు. ఆ నెల దాటకుండానే, 'మీరు టీమ్‌తో కలవడం లేదండీ' అని, ఇక రావద్దన్నారు. ఆ తరవాత పెళ్ళి వీడియోల్లో వధూవరుల పేర్లు నీళ్ళమీద తేలించి బతికాడు. ఆ పేర్లూ కొంచెం మునిగేవి.

శవం ఇంట్లో ఉండగానే ఎండీ పెద్ద దండతో వచ్చాడు. వెనకాల కెమెరా.

"అమ్మా, ఆ వరద విజువల్ ఒక్కటి చాలు, ఆయన ఎప్పటికీ ఉంటారు."

"అది ఆయన చెయ్యలేదండీ" అంది అక్క.

"ఈ టైములో అవన్నీ ఎందుకమ్మా? పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడుకోవాలి."

సరే. పోయినవాడి గురించి మంచే మాట్లాడాను. బతికున్నవాళ్ళ విషయంలో ఆ నియమం లేదు కదా! ఒక మనిషి వద్దన్న పనిని, నోరెత్తలేని రోజు చూసి, ఆయన ఫొటో పక్కనే అతికించారు. దొంగతనంలో ఇంత పిరికి రకం నేను చూడలేదు. నేను క్షమించను. మర్చిపోను. ఆ చానెల్ మైకు ఎక్కడ కనిపిస్తే అక్కడ, మీటింగైనా పెళ్ళైనా, లేచి ఇదే చెబుతాను.

నాకు కావలసినవి ఇవి.

ఆ వీడియో తీసెయ్యాలి.

'వరద మీద లోగో ఆయన చెయ్యలేదు, చెయ్యనన్నందుకు మేమే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశాం' అని వార్తల్లో చదవాలి. ఎండీనే చదవాలి. జీతానికి పనిచేసే యాంకరమ్మ చేత చదివించొద్దు.

కృష్ణ నీళ్ళ బొమ్మ కింద మా బావ పేరు వెయ్యాలి. వెయ్యలేకపోతే ఆ బొమ్మ వాడకూడదు.

వీడియో పంచినవాళ్ళు, అది ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ ఇదీ పంపాలి.

పెద్దకర్మకి చానెల్ తరఫున ఎవరూ రావద్దు. దండ అసలే వద్దు. ఆ రోజు పొద్దున్నే మా అక్క గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.