మైసమ్మ మలుపు దగ్గర మా తెంపుడు

వచ్చే మార్చితో నాకు నలభై ఐదేళ్లు నిండుతాయి. భూపాలపల్లిలో ఏటా జరిగే ఔత్సాహికుల సైకిల్ పందెంలో ఆ వయసు దాటినవారిని ప్రధాన విభాగంలోకి తీసుకోరు. ఇప్పటికి ఐదుసార్లు ఆ పందెంలో పాల్గొని, ప్రతిసారీ గుంపు మధ్యలోనే గీత దాటాను. ఈసారి గుంపు కంటే ముందు దాటాలని నిశ్చయించుకొని, డిసెంబరులో ఒక శనివారం ఉదయం జనగామ స్టేషన్‌లో కాజీపేట వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కాను. నేను జనగామలో ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. కొలవకుండా ఏ మాటనూ ఒప్పుకోకపోవడం నా వృత్తిదోషం.

ఈ దారిన వెళ్లదలచినవారికి ఒక సూచన. సైకిల్ చక్రాలు రెండూ విప్పి, చట్రంతో పాటు పెద్ద సంచిలో పెట్టుకుంటే రైలు పెట్టె చివర తలుపు పక్కన సరిపోతుంది. నా ఎదుటి సీటులో కూరగాయల గంపతో కూర్చున్న ఒక అవ్వ ఆ సంచిని చాలాసేపు పరీక్షగా చూసింది.

“గా సంచిల ఏముంది నాయినా? మంచమా?”

“సైకిల్ అవ్వా.”

“సైకిల్ నిన్ను మొయ్యాలె గని, నువ్వు సైకిల్‌ను మోసుడేంది!”

పెట్టె అంతా నవ్వింది.  ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు.

కాజీపేటలో దిగి, ఆటోలో హనుమకొండ బస్టాండుకు చేరేసరికి పదైంది. అక్కడ యాకయ్య నా కోసం ఎదురుచూస్తున్నాడు. స్వగ్రామం దంతాలపల్లి, మానుకోట అని పిలిచే మహబూబాబాద్ దవాఖానలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. తెల్లవారుజామున మహబూబాబాద్‌లో రైలెక్కి వరంగల్‌లో దిగి వచ్చాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, చివరి పరుగులో నాకంటే చాలా వేగవంతుడు. మేమిద్దరం కలిసి చేయదలచినది ఒక తెంపుడు. సైకిలిస్టుల భాషలో తెంపుడు అంటే గుంపును విడిచి ముందుకు దూకి, చివరిదాకా దొరక్కుండా పోవడం.

“తెంపుకొని పోయినోడు గెలవడు” అని ఈ పందెంలో అందరూ అంటారు. నేను ఆ మాటను పరిశీలించాను. అరవై మంది పోటీపడితే గెలిచేది ఒక్కడే. మిగిలినవారంతా గుంపులో ఉండే ఓడిపోతున్నారు. అయినా “గుంపులో ఉన్నోడు గెలవడు” అని ఎవరూ అనరు. ఒంటరిగా తెంపుకొన్నవాడు గాలికి ఓడిపోతాడన్నది నిజమే. కాని ఇద్దరు వంతులవారీగా ముందు నడిస్తే, వెనుకనున్నవాడికి గాలి చాలా తగ్గి ఊపిరి తీసుకొనే వ్యవధి దొరుకుతుంది. గుంపులో నీవు ముందుండి లాగు, నీవు లాగు అని వాదులాట మొదలైతే ఇద్దరికి అవకాశం ఉంటుంది. మా లెక్క అది.

పదిన్నర బస్సులో సంచులను వెనుక సీటు చాటున పెట్టాం. కండక్టర్ వాటికి లగేజీ టికెట్లు కొట్టాడు. పరకాల దాటాక, మా పక్కన కూర్చున్న గని కార్మికుడు ధైర్యం చెప్పాడు. “చలికి పరేషాన్ గాకు సార్. కింద బొగ్గు ఉన్నది గదా, భూపాలపల్లిల చలే ఉండది.” ఆ మాట మర్నాటి ఉదయానికి గుర్తుంచుకున్నాను.

పన్నెండున్నరకు దిగి, బస్టాండు దగ్గరి లాడ్జిలో గది తీసుకొని, భోజనం చేసి, మూడింటికి దారి చూడడానికి బయలుదేరాం. పందెం భూపాలపల్లి నుంచి రేగొండ వైపు పోయి, అదే దారిన తిరిగివస్తుంది. చలికాలపు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది గనుక తిరుగుదారి అంతా ఎదురుగాలి. మట్టి చల్లి చూశాను; నిజమే.

తిరుగుదారిలో ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా ఒక మలుపు, మలుపులో చిన్న మైసమ్మ గుడి ఉన్నాయి. బొగ్గుగనుల్లో పనిచేసేవారు గనిలోకి దిగేముందు మైసమ్మకు దండం పెట్టుకుంటారు. ఆ అలవాటే పందెంలోకీ వచ్చింది. పోయేటప్పుడు కాదు గాని, తిరిగివచ్చేటప్పుడు గుడి దగ్గర ప్రతివాడూ పెడల్ ఆపి, ఒక చేయి ఛాతీకి ఆనిస్తాడు. గుడి దాటేదాకా ఎవరూ ఎవరినీ దాటరు. నిబంధనలలో ఈ సంగతి ఉందా అని పందెం నిర్వాహకుణ్ణి ఒకసారి అడిగాను.

“రూల్ల లేదు సార్. గానీ ఆచారం ఉన్నది” అన్నాడాయన.

నిజానికి నా మొదటి పథకం అక్కడే దూకడం. అరవై మంది కాళ్లు ఒకేసారి ఆగే చోటు ఈ దారిలో మరొకటి లేదు. ఆ మాట చెప్పగానే యాకయ్య సైకిల్ ఆపేశాడు.

“దండం పెట్టుకునేటోళ్ల మీదికెల్లి దూకుతవా అన్నా? గట్ల గెలిస్తే నేను మానుకోట పోయి మొఖమెట్ల చూపెట్టాలె?”

“నిబంధన లేదు గదా తమ్మీ.”

“నా పేరే ఒక పీరు దర్గ మొక్కుల పెట్టిన్రు. నేను గాయనకు మొక్కుత, గీమెకు మొక్కుత. నువ్వు ఇద్దరికీ మొక్కవు. ఎవరు లాభంల ఉన్నరు?”

దానికి కొలమానం లేదన్నాను. చివరికి రాజీ కుదిరింది. గుడికి ముందున్న వాగు వంతెన దాటగానే వచ్చే ఎక్కుడు దారిలో తెంపుదాం. కాని గుడి దగ్గర యాకయ్య ఆగుతాడు.

“నువ్వు ఆగితే వెనకోళ్లు మనల్ని పట్టేస్తరు” అన్నాను.

“వాళ్లు గూడ ఆగుతరు.”

“వెంటబడ్డ వేడిలో ఎవడాగుతడు?”

“సూస్తవు గదా. ఆగబుద్ధి గాకుంటే నువ్వు పో.”

నేను పోతే ఒంటరినవుతాను. ఒంటరి తెంపుడు సంగతి ఇంతకుముందే చెప్పాను. అతణ్ణి విడిస్తే గాలి ఓడిస్తుంది. అతనితో ఆగితే గుంపు పట్టుకోవచ్చు. నా ఆఖరి పందెం ఒక నమ్మకం మీద ఆధారపడింది. అదీ నేను పరీక్షించని నమ్మకం.

రాత్రి జొన్నరొట్టెలు, కోడికూర తిని తొందరగా పడుకున్నాం. లాడ్జిలో మా పక్కగది హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగిది. ఆయన సైకిల్ మా ఇద్దరి సైకిళ్లకంటే తేలికైనది, ఖరీదైనది.

ఆదివారం ఉదయం ఐదున్నరకు బయటికి రాగానే బస్సులోని కార్మికుడి సిద్ధాంతం వీగిపోయింది. బొగ్గు కిందే ఉంది, చలి పైనే ఉంది. చేతి వేళ్లు బ్రేకులను పట్టుకోలేకపోయాయి.

ఆరున్నరకు జెండా ఊపారు. రేగొండ దాకా గుంపులోనే దాక్కున్నాం. వెనుకగాలి తోసుకుపోతుంటే ఎవరికీ కష్టమనిపించలేదు. వెనుదిరగగానే గాలి ముఖానికి తగిలింది, మాటలు ఆగిపోయాయి. వాగు వంతెన దాటి ఎక్కుడు మొదలైంది. యాకయ్య నా వైపు ఒకసారి చూసి, ఎడమ అంచు నుంచి దూకాడు. అతని వెనుక చక్రాన్ని అంటిపెట్టుకొని నేనూ దూకాను. వెనుక నుంచి ఎవరో అరిచారు: “పోనియ్యిరా, ముసలాయన ఎంతసేపు పోతడు!”

ఆ మాట నాకు మేలు చేసింది. వారు పోనిచ్చారు.

ఒకరి తర్వాత ఒకరం గాలిని చీల్చుకుంటూ పోయాం. ఎక్కుడు పైనుంచి తిరిగి చూస్తే గుంపు చాలా దూరాన ఉంది. అయితే ఇప్పుడు దాని ముందుభాగం సన్నబడి సూదిలా సాగుతోంది. అంటే వెంటాడడం మొదలైంది. మలుపు వచ్చింది. ఎర్రజెండాల మధ్య మైసమ్మ గుడి కనిపించింది. యాకయ్య పెడల్ ఆపాడు. చేయి ఛాతీకి వెళ్లింది.

నా కాళ్లూ ఆగాయి. భక్తితో కాదు, అతడు లేకుండా నేను ఆ గాలిలో నిలవలేనని తెలిసి. చక్రాల టిక్‌టిక్ శబ్దం తప్ప మరేమీ వినిపించని ఆ కొద్దిసేపూ నాకు చాలా పొడుగ్గా అనిపించింది. గుడి దాటగానే మళ్లీ తొక్కుతూ వెనుదిరిగి చూశాను. అక్కడి నుంచి రోడ్డు తిన్నగా ఉంది; మలుపు మొత్తం కనిపిస్తుంది.

గుంపు మలుపులోకి వచ్చింది. ముందున్న ఎర్రచొక్కా వాడి చేయి హ్యాండిల్ వదిలింది. అతని వెనుక మరొకటి, ఆ వెనుక వరసగా చేతులన్నీ. మమ్మల్ని పట్టుకోవడానికి ఊపిరి బిగబట్టి వస్తున్న ఆ మనుషులు, ముసలాయన అని నవ్వినవాడితో సహా, పెడల్ ఆపి నిదానించారు. అందరూ ఒకేచోట ఒకేలా ఆగితే మధ్యనున్న వ్యవధి మారదు. ఇంత తేలిక లెక్క నాకు ముందురోజు తట్టలేదు. మనుషులు ఆగరని ముందే తీర్మానించుకొని లెక్క మొదలుపెట్టడమే కారణం.

ఒక్కరు మాత్రం ఆగలేదు. హైదరాబాద్ ఉద్యోగి పక్కనుంచి దూసుకొని బయటపడ్డాడు. మాకూ గుంపుకూ మధ్య ఎదురుగాలిలో ఒంటరిగా ఊగులాడి, ఊరు చేరకముందే గుంపులో కలిసిపోయాడు.

ఊరి మొదటి ఇళ్ల దగ్గర వెనుక టైర్ల హోరు వినిపించింది. నా కాళ్లలో ఇక మిగిలింది లేదు. “అన్నా, రా!” అని యాకయ్య అరిచి లేచి నిలబడి తొక్కాడు. అతని చక్రం ముందు గీత దాటింది; దాని వెనుకే నాది. గుంపు మా వీపుల మీద ఊపిరి వదులుతూ వచ్చి చేరింది. ఆరు పందేలలో మొదటిసారి గీత దాటాక నా ముందు, యాకయ్య తప్ప, ఖాళీ రోడ్డు కనిపించింది.

హైదరాబాద్ ఆయన నీళ్ల దగ్గర కలిశాడు. “గుడి సంగతి నాకెవరూ చెప్పలేదండీ” అన్నాడు బాధగా.

“మైసమ్మ సూసుకున్నది” అన్నాడు యాకయ్య నా చెవిలో.

“ఎదురుగాలి చూసుకున్నది” అన్నాను.

మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాం. ఈ జిల్లాలకు సైకిల్ సంచితో వచ్చేవారికి నా అనుభవం చెప్పగలిగేది ఇంతే: రోడ్లు బాగున్నాయి, రొట్టె బాగుంది, గాలి తిరుగుదారిలో ఎదురొస్తుంది, అక్కడివారి ఆచారాన్ని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. మైసమ్మ మలుపు దగ్గర మా బస్సు డ్రైవర్ వేగం తగ్గించి చేయి ఛాతీకి ఆనించాడు. టికెట్ కొడుతున్న కండక్టర్ కూడా ఆగాడు.

“ఇప్పుడన్న నమ్మినవా అన్నా?” ఒళ్లో గెలిచిన కప్పు పెట్టుకొని అడిగాడు యాకయ్య.

“ఒక్కసారి చూసినదాన్ని రుజువు అనరు తమ్మీ. మళ్లొకసారి చూడాలె.”

“వచ్చే ఏడు పందెంల నీకు జాగ లేదు గదా!”

“పందెంల లేదు.”

గుడికి ఎదురుగా, రోడ్డు రెండు వైపులా కనిపించే చోట ఒక ఎత్తైన బండ ఉంది. బస్సు ముందుకు కదిలేలోపు, అది ఒక మనిషి నిలబడి పందెం చూడడానికి సరిపోతుందో లేదో కిటికీలోంచి చూసుకున్నాను. సరిపోతుంది.