తెల్లబడే కిటికీ

ఇద్దరి కోసమని తీసుకున్న ఫ్లాటులో నేనొక్కణ్ణే ఉంటున్నాను. విడిపోవడానికి కారణం పెద్దదేమీ కాదు గానీ, మా ఆవిడకు సరిపోయింది.

చిలకలగూడలో ఒక ఇరుకు సందు. ఇటు రెండో అంతస్తులో నేను, అటు రెండో అంతస్తులో ఒక రిటైర్డు టీచరు గారు. ఆవిడ వంటింటి కిటికీ, నా హాలు కిటికీ ఎదురెదురుగా ఉంటాయి, అటునుంచి నా స్టవ్వు కూడా కనపడుతుంది. చెయ్యి చాపితే అందదు గానీ కరివేపాకు విసిరితే అందుతుంది. ఆవిడ విసిరేవారు కూడా. వాళ్ళది గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఇంటినిండా మనుషులున్నా ఆ కిటికీ మాత్రం ఆవిడదే.

పొద్దున్నే నేను లాప్‌టాప్ ముందు కూర్చోగానే అటునుంచి విచారణ మొదలయ్యేది.

"బాబూ, ఏం తిన్నావ్?"

"బ్రెడ్డండి."

"నిన్నా అదేగా. ఆ బ్రెడ్డు ఫ్యాక్టరీ వాళ్ళేమైనా మీ చుట్టాలా?"

ఒకసారి ఆఫీసు మీటింగులో మైకు ఆపడం మరిచిపోయాను. మా మేనేజరు నా పనితీరు గురించి ఇంగ్లీషులో చెబుతుండగా, "బాబూ, నీ పాలు పొంగిపోతున్నాయి" అని ఆయన కంటే స్పష్టంగా వినిపించింది. టీములో ఉన్న తెలుగువాళ్ళంతా లేచి వెళ్ళి తమ తమ స్టవ్వులు చూసుకున్నారు.

ఆ వారమే కిటికీకి స్మార్ట్ గ్లాసు పెట్టించాను. ఉన్న అద్దానికే ఒక ఫిల్ము అతికించి రిమోటు ఇస్తారు. ఒకసారి నొక్కితే మామూలు అద్దం. మళ్ళీ నొక్కితే పాలు పోసినట్టు తెల్లబడుతుంది, అవతలివాళ్ళకు ఏమీ కనపడదు. కర్టెన్ వేసుకోవచ్చు కదా అంటారు. పెద్దావిడ చూస్తుండగా కర్టెన్ లాగడానికి నాకు మొహమాటం. మిషను మూసిందంటే మన తప్పేం లేదు.

బిగించడానికి వచ్చినతను వెళ్ళేముందు ఒక మాట చెప్పాడు. "సార్, కరెంటుంటెనే క్లియరు. కరెంటు పోతె తెల్లగైతది. ఉల్టా సమజ్ చేస్కోవద్దు."

"అంటే నేను కనపడాలంటే కరెంటు ఖర్చవుతుందా?"

"అవు సార్. కనవడకుంట ఉండుడు ఫ్రీ."

నీడ కూడా ఇస్తుందని ప్రకటనలో ఉంది. సాయంత్రం ఎండ ఎప్పటిలాగే వచ్చింది. కాకపోతే తెల్లగా వచ్చింది.

కొన్నాళ్ళు హాయిగానే గడిచింది. బ్రెడ్డు ఎన్నిసార్లు తిన్నా అడిగేవారు లేరు. అడిగేవారు లేరన్న సంగతి అర్థం కావడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఆఫీసు గొంతులు తీసేస్తే, రోజు మొత్తంలో నన్ను పలకరించే మనిషి ఆవిడొక్కరే. డెలివరీకి వచ్చేవాళ్ళు ఓటీపీ అడుగుతారు గానీ, దాన్ని పలకరింపు అనలేం. పాలు మాత్రం రోజూ పొంగేవి.

రిమోటు చేతిలోనే ఉండేది. నొక్కలేదు. ఇన్నాళ్ళు మూసి, ఇప్పుడు తెరిచి, ఏమని మొదలుపెట్టాలి? ఇవాళ బ్రెడ్డు కాదండీ, ఉప్మా అని కేకేయాలా?

ఒక ఆదివారం మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే టీచరు గారు. వెనక తెల్లచీరల్లో ఇద్దరు ఆడవాళ్ళు, చేతుల్లో బైబిళ్ళు, ఒక సంచిలో మోండా మార్కెట్ బత్తాయిలు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు.

"లేవకు బాబూ, లేవకు," అన్నారు టీచరు గారు. తలుపు తీసింది నేనే కాబట్టి అప్పటికే లేచి ఉన్నాను.

అందరూ కూర్చున్నాక విషయం బయటపడింది. "ఆసుపత్రిలో స్కానింగ్ గదికి ఉంటుంది చూడు, అలాంటి అద్దం పెట్టించావు. మనిషి కనపడ్డం మానేశాడు. తిండి పొట్లాల్లో వస్తోంది. నాకు అర్థమైపోయింది. ప్రతి ఆదివారం నీకోసం సంఘమంతా ప్రార్థన చేస్తున్నాం."

వాళ్ళ చర్చిలో ఆరాధన చివర, ఎవరెవరి కోసం ప్రార్థించాలో పాస్టరు గారు చదువుతారట. అందులో 'ఎదురింటి బాబు స్వస్థత' అని నేనూ ఉన్నాను. ఏం జబ్బని అడగడం బాగుండదని ఎవరూ అడగలేదు.

నేను నోరు తెరిచేలోపు పాట అయిపోయింది, ప్రార్థన మొదలైంది. "ప్రభువా, ఒంటరిగా ఉన్న ఈ బిడ్డను చూడు," అన్నారు టీచరు గారు. ఆ మాట అప్పటిదాకా ఎవరూ అనలేదు. విజయనగరంలో మావాళ్ళు కూడా ఫోనులో దాని పక్కనుంచి జాగ్రత్తగా నడిచి వెళ్తారు. ఆమెన్ అన్నాక అందరూ కళ్ళు తెరిచారు. నేను కొంచెం ఆలస్యంగా తెరిచాను.

ఇక దాచడం న్యాయం కాదని రిమోటు నొక్కాను. కిటికీలో టీచరు గారి వంటిల్లు, అందులో ఆవిడ ఆరబెట్టిన గిన్నెలు కనపడ్డాయి. మళ్ళీ నొక్కితే పోయాయి.

"గిది ఫ్యాషనా?" అంది వాళ్ళలో బొల్లారం నుంచి వచ్చిన ఆవిడ. "నేను శుక్రారం ఉపాసం సుత ఉంటి గద టీచర్."

"పోనీ, స్వస్థత అయిందని చర్చిలో సాక్ష్యం చెప్పమందామా?" అంది రెండో ఆవిడ.

"రోగమే లేకుంటె ఏం తగ్గిందని చెప్తడు?"

"అదీ నిజమే. మరి ఈ బ్రెడ్డూ?"

"ఉంచండి. బ్రెడ్డంటే ఇతనికి ప్రాణం," అన్నారు టీచరు గారు. నావైపు తిరిగి, టీచర్లకే చేతనైనట్టు చూశారు. "అయితే నీకే జబ్బూ లేదన్నమాట. వచ్చేవారం నీ సంగతి చదవొద్దని పాస్టరు గారికి చెప్పేస్తాను."

తల ఊపితే అయిపోయేది.

"పూర్తిగా తగ్గలేదండీ," అన్నాను.

బొల్లారం ఆవిడ ఏదో అనబోయింది. టీచరు గారు ఆవిడ మోచేతి మీద చెయ్యి వేసి, "సరే బాబూ, ఉండనిద్దాం," అన్నారు.

ఇప్పుడు పగలంతా కిటికీని తెరిచే ఉంచుతున్నాను, అంటే కరెంటు పెట్టి. మా సందులో కరెంటు పోతుంటుంది. అద్దం తెల్లబడగానే అవతలినుంచి గొంతు వస్తుంది: "బాబూ, కరెంటు పోయిందా, నువ్వే మూశావా?"

"కరెంటేనండీ," అంటాను.

ఒక్కోసారి కరెంటు ఉండగానే నేనే మూసి కూర్చుంటాను. వాళ్ళింట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆవిడకు తెలియకుండా ఉండదు. అయినా పిలుస్తారు.