మూడో పాట తర్వాత టింగ్ టింగ్

రాక్ గాయకుడు రూఫస్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు, గిటార్ శ్రుతి చేసుకోవడం. మూడో పాట అయిందంటే చాలు, హైదరాబాదైనా దుబాయైనా, పదివేల మంది ఈలలేస్తున్నా సరే, స్టూలు మీద కూర్చుని చెవి గిటారుకి ఆనించి టింగ్ టింగ్‌మంటాడు. ఈలోగా జనం టీ తాగి, సమోసా తిని, ఇంటికి ఫోన్ చేసి తీరిగ్గా వస్తారు.

దీనికి అందరికంటే ఎక్కువ మండిపడేది డ్రమ్మర్ నానాజీ. ఇద్దరిదీ అనకాపల్లే. రూఫస్ చర్చిలో గిటార్ నేర్చుకుంటున్న రోజుల్లో నానాజీ బెల్లం మార్కెట్ వెనక నూనె డబ్బాలు బోర్లించి వాయించేవాడు. దిమ్మలు మోసే కళాసీలు ఆగి మరీ వినేవారు. అప్పట్లో కరెంటు పోయినా రూఫస్ పాట ఆగేది కాదు. ఎంత హాయి రోజులవి! ఈ శ్రుతి జబ్బు ఎనిమిదేళ్ల కిందట పట్టుకుంది.

“ఏటి బావా, పెళ్లికూతురికి జడేత్తన్నావేటి?” అనేవాడు నానాజీ.

“రెండో తీగ తేడాగా ఉంది బావా. నువ్వు నీళ్లు తాగు.”

“నాకు దాహం లేదు.”

“అయితే నాకోసం తాగీ.”

మేనేజర్ త్రినాథ్ శ్రుతి చూపించే మిషన్ కొనిచ్చాడు. “దానికి చెవులెక్కడున్నాయిరా?” అని రూఫస్ దాన్ని పెట్టెలో పడేశాడు.

మొన్న అనకాపల్లిలోనే ప్రదర్శన. త్రినాథ్ నానాజీని పక్కకి పిలిచాడు. “అన్నా, గుండె ఆపరేషనైన మనిషివి. ఇవాళ చివరిదాకా లాగలేకపోతే రేపట్నుంచి కొత్త డ్రమ్మరే.”

“ఆపరేషనయ్యి ఎనిమిదేళ్లు! అప్పట్నించీ లాగతన్నాను గదా? మజ్జిలో ఆపేది నేనేటి, ఆ రూఫస్‌గాడా?”

మూడో పాటయ్యేసరికి నానాజీకి రొప్పు వచ్చింది. రూఫస్ మామూలుగా స్టూలెక్కాడు. నానాజీ మొదటిసారి అతని వేళ్లకేసి చూశాడు. రూఫస్ చక్కగా పలుకుతున్న తీగని ముందు సడలించి, ఆ తర్వాత బిగిస్తున్నాడు! మధ్యమధ్య ఓరకంట నానాజీ ఛాతీకేసి చూస్తున్నాడు. రొప్పు తగ్గాకే తీగ శ్రుతిలో పడింది.

నానాజీకి ముందు కోపం వచ్చింది, తర్వాత కళ్లు చెమర్చాయి, ఆఖరికి నవ్వొచ్చింది.

ఆరో పాట పైస్థాయిలో రూఫస్ గొంతు జీరబోయింది. అరవై ఏళ్ల గొంతు మరి. పాట ముగియగానే నానాజీ డ్రమ్ము బిగించే తాళంచెవి తీసి మరలు తిప్పడం మొదలెట్టాడు.

“ఏటైంది బావా?”

“డ్రమ్ము సడలిపోయింది. నువ్వు నీళ్లు తాగు.”

“నాకు దాహం లేదు.”

“అయితే నాకోసం తాగీ.”

రూఫస్ అతనికేసి ఒక్క క్షణం చూసి, బుద్ధిగా సీసా అందుకున్నాడు. రెండు గంటల ప్రదర్శన మూడు గంటలు సాగింది. కొత్త డ్రమ్మర్ మాట త్రినాథ్ మళ్లీ ఎత్తలేదు. జనం మాత్రం ఆ సాయంత్రం రెండుసార్లు టీ తాగారు.