పాముల గది, నేను దాచిన నిజం

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, కరోనా రోజుల్లో ఈ ఎడారి దేశంలో, నేను పనిచేసే ముసఫ్ఫా గ్యారేజీలో పని ఆగిపోయి ఇంట్లో కూర్చున్నప్పుడు, ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ నాకు విషపు పాముల పిచ్చి పట్టింది! ఆఫ్రికా నుంచి దొంగచాటుగా వచ్చిన జంటను కొని, చిన్న గదిలో ప్లాస్టిక్ డబ్బాల్లో పెంచి, పిల్లలు కూడా పెట్టించాను. చట్టం ఒప్పుకోదని నాకు తెలుసు. ఇక్కడ సెలవు రోజని శుక్రవారం జరిగే మన చర్చి ఆరాధన మానేశాను గానీ వాటికి ఎలుకలు వేయడం మాత్రం ఒక్క వారమూ మానలేదు. నా భార్య సుహాసిని నర్సు, డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చి, "ఏవండీ, ఆ గది పక్కన నాకు కునుకు పట్టట్లేదండీ, వదిలేయండి" అని ఏడిస్తే నవ్వేవాణ్ణి. ఎంత గుడ్డివాణ్ణి!

గ్యారేజీ మళ్లీ తెరిచాక, ఒకరోజు నేను పనికి వెళుతూ, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఎలుకలను తీసి బయట పెట్టమని, డబ్బాల్లో నీళ్లు పోయమని ఆమెకే చెప్పాను. ఎలుకను ముట్టిన చెయ్యి కడుక్కోకుండా డబ్బా తెరిస్తే, ఆ వాసనకు పాము చేతినే తిండి అనుకుంటుంది. పాములు పెంచేవాళ్లు మొదట నేర్చుకునేది అదే, నేను చెప్పడం మరిచాను. ఆమె కుడిచేతిని పాము కాటేసింది.

ఆసుపత్రిలో డాక్టరు ఏ పాము అని అడిగితే, జైలు భయంతో, ఎడారిలో ఏదో కరిచిందన్నాను. ఇక్కడి పాముల కాటుకు ఇచ్చే మందు ఎక్కించారు, చెయ్యి నల్లబడుతూనే ఉంది. అన్నీ తెలిసిన సుహాసిని, నన్ను పోలీసులకు పట్టివ్వలేక, నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా నోరు మెదపలేదు. సహోదరులారా, నేను తట్టుకోలేకపోయాను! మెట్ల మీద మోకరించి, "ప్రభువా, నన్ను జైల్లో వేయనీ, ఉద్యోగం పోనీ, ఈ నోటితో నిజం పలికించు, ఆమెను బతికించు" అని ఏడ్చాను. లేచి వెళ్లి అంతా చెప్పేశాను. సరైన మందు వేరే చోటి నుంచి తెప్పించారు, ప్రాణం దక్కింది, దేవునికే మహిమ! రెండు వేళ్లు మాత్రం దక్కలేదు.

పాములను అధికారులు తీసుకుపోయారు, నేను జైలుకు వెళ్లివచ్చాను, వచ్చే వారం మమ్మల్ని ఊరికి పంపేస్తున్నారు. ఆమె ఇక నర్సు పని చేయలేదు. రోజూ పొద్దున్నే నేనే జడ వేస్తున్నాను, వంకరగా వచ్చినా ఏమీ అనదు, ఆ మంచితనానికే నాకు ఏడుపొస్తుంది.

మీలో ఎవరైనా ఇంట్లో ఏదైనా దాచుకుని ఉంటే, ఈ రోజే ప్రభువు ముందు, మీ వాళ్ల ముందు చెప్పేయండి. నాలాంటివాణ్ణే క్షమించాడు, మిమ్మల్ని తోసివేయడు. నేనూ చెప్పాను, కానీ మూడు గంటలు ఆలస్యంగా చెప్పాను.