నిలిచిపోయిన నీటిమట్టం

ఆ ఆసుపత్రిలో దుప్పట్లు ఉడకడానికీ, శస్త్రచికిత్సల వస్త్రాలు శుద్ధి కావడానికీ కావలసిన ఆవిరి అంతా వెనుకవైపున్న ఒక పొడుగాటి గదిలో పుడుతుంది. ఆ గదిలో ఒత్తిగిలి పడుకున్న ఏనుగులా ఒక బాయిలరు, దాని ముఖాన నిలువుగా బిగించిన ఒక గాజు గొట్టం, ఆ గొట్టానికి ఎదురుగా వీపు ఆనించడానికి ఏమీ లేని ముక్కాలిపీట, ఆ పీటమీద ఒక మనిషి. ఆయన అసలు పేరు జీతాలిచ్చేవారికి తప్ప మరొకరికి గుర్తులేదు. అందరూ మెలకువయ్య అనేవారు. మొదట వెక్కిరింతగా పుట్టిన ఆ పేరు కాలక్రమాన బిరుదులా స్థిరపడింది.

గాజు గొట్టంలో కనిపించేది బాయిలరు లోపలి నీటిమట్టం. పనివాళ్లు దానిని అద్దం అంటారు. మట్టం ఎర్రగీతదాకా దిగకముందే పంపు నడిపి లోపలికి నీరు ఎక్కించాలి. ఎక్కించకపోతే మంట వట్టి ఇనుమును కాలుస్తుంది. ఆ తరువాత ఏమి జరిగిందో చెప్పడానికి దగ్గరున్నవాళ్లు మిగలరు. కనుక ఆయన ఉద్యోగాన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు: ఆయన చూస్తూ ఉంటాడు.

ఆ చూపు వెనుక ఒక మధ్యాహ్నం ఉంది. చాలా ఏళ్ల క్రితం ఆయన తల్లి ఇదే ఆసుపత్రిలో మంచం పట్టింది. "నేను మేలుకునే ఉంటానమ్మా, నువ్వు కాస్త పడుకో" అని మంచం పక్కన కూర్చున్నాడు. కుర్చీ వీపు మెత్తగా ఉంది. కళ్లు తెరిచేసరికి ఆమె చేయి మంచం అంచు దాటి ఆయనవైపు చాచి ఉంది. ఆమె మాత్రం లేదు. పిలిచిందా? పిలిచి, కొడుకు అలిసిపోయాడని జాలిపడి ఊరుకుందా? లేక చేయి ఊరికే జారిందా? ఆనాటినుంచి ఆయన వీపున్న కుర్చీలో కూర్చోలేదు.

అందుకే ప్రార్థనామందిరంలో ప్రభువు రాకడ గురించి ప్రసంగం వచ్చినప్పుడల్లా అందరికీ మేఘాలూ, బూరధ్వనీ, మహిమా మనసులో మెదిలితే, ఆయనకు మాత్రం మంచం అంచున చాచిన ఆ చేయి మెదిలేది. ఆయన కోరేది సింహాసనం కాదు, కిరీటం కాదు. మరొకసారి నిద్రలో దొరికిపోకూడదు, అంతే.

ఆ ఏడాది సంఘకాపరి వరుసగా కొన్ని ఆదివారాలు మెలకువ గురించే బోధించాడు. ఆ గొంతు సాత్వికమైనది; అయినా ఆ మాటలు మెలకువయ్యను మేకుల్లా పట్టుకున్నాయి. ఇంట్లో ఆయన ఉతికిన చొక్కాతోనే పడుకునేవాడు. చెప్పులు గుమ్మంవైపు తిప్పి మంచం పక్కనే ఉంచేవాడు. ఏ చిన్న చప్పుడైనా దిగ్గున లేచి కూర్చునేవాడు.

"ఏవండీ, ఆయన మేఘాల మీద వస్తాడంటారు కదా. మీకు చెప్పులెందుకు?" అంది భార్య ఒకరోజు దుప్పటి దులుపుతూ.

"సిద్ధంగా ఉండాలే."

"ఉండండి, వద్దన్నానా? కానీ కళ్లు చూసుకున్నారా అద్దంలో? నిప్పుల్లా ఉన్నాయి. రెప్ప వెయ్యకపోవడమే భక్తయితే చేపని మించిన భక్తురాలు లేదు. అది పుట్టాక రెప్పే వెయ్యదు."

ఆయనకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే, అది ఎగతాళో ఉపదేశమో తేల్చుకోలేకపోయాడు.

ఈ జాగరూకత ఇంటి గడప దాటి బాయిలరు గదిలోకి వచ్చినప్పుడు ఒక మార్పు జరిగింది. అద్దాన్ని చూస్తే చాలదు, పరీక్షించాలి. అది ఆ వృత్తి మర్యాద. పని మొదలుపెట్టేటప్పుడూ, మధ్యమధ్యనూ అద్దం అడుగునున్న చిన్న కుళాయి తిప్పుతారు. గాజులోని నీరంతా బుస్సుమని బయటికి పోతుంది. ఆవిరి కమ్ముకొని కొంతసేపు ఏమీ కనిపించదు. కుళాయి కట్టేశాక లోపలి నీరు మళ్లీ పైకి లేచి పాతచోట నిలిస్తే, అద్దం నిజం చెబుతున్నట్టు. ఆ కొద్దిసేపు మట్టం కంటికి మరుగు కావడం మెలకువయ్యకు దుర్భరమైంది. ఆ క్షణంలోనే ఏదైనా జరిగితే? చూపు తప్పిన ఆ సందులోనే పిలుపు వస్తే? పొద్దున తప్పనిసరిగా చేసే పరీక్షను ముందు కుదించాడు. ఆ తరువాత మానేశాడు. దానికి బదులు రెప్పవాల్చకుండా చూశాడు. తాను మునుపటికంటే శ్రద్ధగా ఉన్నానని నిజంగానే నమ్మాడు.

నీరు తగ్గితే మోగవలసిన గంట ఒకటి ఉండేది. అది చెడిపోయి చాలాకాలమైంది. కొత్తది వస్తోందని ఇంజనీరు ఎప్పుడూ చెబుతూనే ఉండేవాడు.

"బాబాయ్, ప్రభువు రాకడైనా నమ్ముతాను గానీ ఆ గంట రాకడ మాత్రం నమ్మను" అనేది గోడకు అవతల దుప్పట్లు మడతపెట్టే మనిషి. ఆమెను అందరూ మడతలమ్మ అంటారు. నోరు పెద్దది, చేయి దానికంటే వేగం. మాట్లాడుతూ మాట్లాడుతూనే దుప్పటి నాలుగు మూలలూ కలిపేస్తుంది.

"ప్రభువుతో పరాచికాలేంటే?"

"ఆయనతో కాదు బాబాయ్, ఇంజనీరుగారితో."

ఒకనాటి ఉదయం అద్దంలో నీరు అద్భుతంగా నిలిచి ఉంది. సాధారణంగా లోపలి మరుగుకు ఆ మట్టం సన్నగా ఊగుతూ ఉంటుంది. ఆనాడు గీత గీసినట్టు కదలకుండా ఉంది. దిగడంలేదు, పంపు నడపవలసిన పని పడడంలేదు. మెలకువయ్య హృదయం నిండింది. ఇన్నాళ్ల కాపలాకు ఇది చిన్న బహుమానమేమో అనిపించింది. చేతులు మోకాళ్లపై పెట్టుకొని, లోలోపల స్తోత్రం చెప్పుకొంటూ, ఆ నిశ్చలమైన గీతనే చూస్తూ కూర్చున్నాడు.

భోజనాలవేళ కాకముందే మడతలమ్మ తలుపు తోసుకొని వచ్చింది. భుజంమీద ఇంకా ఒక దుప్పటి ఉంది.

"బాబాయ్, పంపు పాడైందా?"

"లేదే. ఎందుకు?"

"పొద్దున్నుంచి దాని గోల వినలేదు. రోజూ నా వీపెనక గురగురమంటూనే ఉంటుంది కదా. ఇవాళ ఏదో వెలితిగా ఉంటే ఏంటా అనుకున్నాను."

"నీళ్లు తగ్గలేదమ్మా. చూడు, ఎంత బాగా నిలిచాయో."

ఆమె చూసింది. "ఆవిరి పోతూనే ఉంది కదా మా వైపుకి. మరి నీళ్లెలా తగ్గకుండా ఉంటాయి?"

అది పసిపిల్ల అడిగే ప్రశ్న. ఆయనకు జవాబు తెలుసు. తెలిసిన ఆ జవాబు అరికాళ్లనుంచి పైకి పాకింది. అద్దం కిందనున్న కుళాయి తిప్పాడు. నీరు బుస్సుమని పోయింది. కుళాయి కట్టాడు. గాజు ఖాళీగా ఉంది. చూశాడు. ఖాళీగానే ఉంది. లోపలినుంచి రావలసిన నీరు రాలేదు.

"నువ్వు పో. అందర్నీ బయటికి తీసుకుపో. నడు!"

"బాబాయ్..."

"నడవమన్నానా!"

మంట ఆర్పాడు. పంపు మీదికి చేయి వెళ్లబోతే వెనక్కి లాక్కున్నాడు. ఎర్రబడిన ఇనుముమీద చన్నీళ్లు పడితే అసలు ప్రమాదం అదే. అది చల్లారేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. అవతల గదిలో మడతలమ్మ కేకలూ, చెప్పుల చప్పుళ్లూ వినిపించి క్రమంగా దూరమయ్యాయి. ఏమీ జరగలేదు.

సాయంత్రం అద్దం విప్పి చూశారు. అద్దంలోకి నీరువచ్చే అడుగుదారి నీటిలోని సున్నం పేరుకొని కట్టిన పెచ్చుతో పూర్తిగా పూడుకుపోయింది. ఆయన పొద్దుటినుంచి కాపలా కాసింది గాజులో చిక్కుకుపోయిన ఒక గుక్కెడు నీటిని. బాయిలరు లోపలి నీరు ఎర్రగీత దాటి ఎప్పుడో దిగిపోయింది.

"ఇంకాస్త ఆలస్యమైతే ఆ గోడ ఉండేది కాదు" అన్నాడు ఇంజనీరు. కోపం తెచ్చుకోబోయి, చెడిన గంట జ్ఞాపకం వచ్చి కాబోలు, గొంతు తగ్గించాడు. "మీరు నిద్రపోయారా పెద్దాయనా? నిజం చెప్పండి."

"లేదండి. రెప్ప కూడా వెయ్యలేదు."

"అదే నాకు అర్థం కావట్లేదు."

తనకూ అర్థం కాలేదు. నిద్రపోయి ఉంటే బాగుండేదేమో. తప్పు ఎక్కడుందో తెలిసేది.

మరునాడు మధ్యాహ్నం ప్రార్థనామందిరానికి వెళ్లాడు. కాపరి చొక్కా చేతులు మడిచి తడిగుడ్డతో బల్లలు తుడుస్తున్నాడు. జరిగినదంతా విని, గుడ్డ పిండి పక్కన పెట్టి కూర్చున్నాడు.

"అయ్యగారూ, మెలకువంటే ఏంటండీ?"

"ఇన్ని వారాలు చెప్పాను కదయ్యా."

"చెప్పారండి. చెప్పినట్టే చేశాను. చూస్తూనే ఉన్నాను. చూడనిదేమో గోడవతల బట్టలు మడతపెట్టుకునే పిల్ల. దాని దృష్టి దుప్పటి మీద, నోరు పక్కదాని మీద. దానికి తెలిసింది. నాకు తెలియలేదు. రేపు ఆయన వచ్చినప్పుడు కూడా నేనిట్లాగే ఎటో చూస్తూ ఉండిపోతానా?"

కాపరి బల్లమీది తడిని అరచేత్తో తుడిచాడు. "దివిటీలు పట్టుకున్న పదిమంది కన్యకల కథ తెలుసు కదా నీకు."

"అయిదుగురు బుద్ధిగలవాళ్లు, అయిదుగురు బుద్ధిలేనివాళ్లు."

"వాళ్లలో నిద్రపోయినవాళ్లెవరు?"

"బుద్ధిలేనివాళ్లు" అని ఆయన వెంటనే అన్నాడు, అంతలో ఆగాడు. చిన్నప్పటినుంచి విన్న కథే. పెండ్లికుమారుడు ఆలస్యం చేశాడు, పదిమందీ కునికారు, పదిమందీ నిద్రపోయారు. తేడా కన్నులలో లేదు, బుద్ధిగలవాళ్లు దివిటీలకోసం వెంట తెచ్చుకున్న సిద్దెలలోని నూనెలో ఉంది.

"అందరూనా అండీ?"

"అందరూ."

"మరి చివర్లో మెలకువగా ఉండండి అని ఉంది కదండీ?"

"ఉంది." కాపరి తడిగుడ్డను చేతిలోకి తీసుకొని మళ్లీ పెట్టేశాడు. "నిద్రపోయిన వాళ్ల కథ చెప్పి, మెలకువగా ఉండమన్నాడు. నాకూ పూర్తిగా తెలియదయ్యా. ఆ చోటికి వచ్చినప్పుడల్లా గొంతు పెంచి దాటేస్తుంటాను. ఇవాళ నువ్వు పట్టేశావు."

ఇద్దరూ కలిసి మిగిలిన బల్లలు తుడిచారు. వెళ్లేముందు కాపరి ప్రార్థించాడు. మామూలుకంటే చిన్న ప్రార్థన. ఓదార్పు కొంత కలిగింది. స్పష్టత మాత్రం కలగలేదు.

ఇంటికి వచ్చాక భార్యను అడిగాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని మాట అది.

"అమ్మ నన్ను పిలిచి ఉంటుందంటావా?"

ఆమె చేతిలోని పని ఆపింది. "తెలీదండీ."

"నువ్వయితే పిలిచేదానివా?"

"మీరు నిద్రపోతుంటేనా?" ఆలోచించింది. "చెయ్యి వేసి ఊరుకునేదాన్నేమో. పక్కనే ఉన్నారు కదా, చాలు అనుకునేదాన్నేమో. నాకేం తెలుసు? నేను చావలేదుగా ఇంకా."

ఆయన మంచంమీద వాలాడు. "నేను పడుకుంటే లేపుతావా?"

"ఎవరొస్తే?"

"ఎవరొచ్చినా."

"లేపుతాను. నాకు మెలకువ వస్తే" అంది ఆమె, కిటికీ తెర లాగుతూ.

ఆ మాట ఆయనకు భరోసా ఇవ్వాలో బెంగ పెట్టాలో తెలియలేదు. తెలుసుకునేలోపే నిద్ర పట్టింది. పట్టపగలు, చెప్పులు ఎక్కడ విడిచాడో చూసుకోకుండా.

బాయిలరు మళ్లీ నడిచిన రోజున ఆయన మొదట చేసిన పని కుళాయి తిప్పడం. నీరు పోయింది, ఆవిరి కమ్మింది, గాజు ఖాళీ అయింది. అక్కడ గుండె ఆగినట్టయింది. అది ప్రతిసారీ అలాగే ఉంటుందని, దానికి అలవాటు పడడం తనవల్ల కాదని ఆయనకు అర్థమైంది. కుళాయి కట్టాడు. నీరు లేచి, సన్నగా ఊగుతూ నిలిచింది.

మడతలమ్మ ఒక ఏర్పాటు చేసింది. పంపు శబ్దం వినిపించినప్పుడల్లా ఆమె చేతికందిన దానితో గోడమీద ఒక దెబ్బ కొడుతుంది. చాలాసేపు వినిపించకపోతే ఆగకుండా కొడుతుంది. "గంట వచ్చేదాకా నేనే నీ గంటని బాబాయ్" అని నవ్వింది. ఒక వీపున్న కుర్చీని కూడా ఈడ్చుకొచ్చి పెట్టింది. దానిలో ఆయన అంచున కూర్చున్నాడు. కొన్నాళ్లకు కొంచెం వెనక్కి జరిగాడు.

ఒకరోజు మట్టం సరిగ్గా ఉంది, పంపు అప్పుడే నడిచి ఆగింది, ఆమె కొట్టవలసిన దెబ్బ కొట్టేసింది. ఆయన వీపు ఆనించి, కళ్లు మూసుకోలేదుగాని, ఎటూ చూడకుండా ఉన్నాడు. గోడమీద మళ్లీ చప్పుడైంది. నెమ్మదిగా, తలుపు తట్టినట్టు.

చటుక్కున లేచాడు. అద్దం చూశాడు. కుళాయి తిప్పి పరీక్షించాడు. మంట చూశాడు. అంతా సవ్యంగానే ఉంది. చుట్టూ తిరిగి పక్కగదికి వెళ్లాడు.

"ఎందుకు కొట్టావమ్మా ఇప్పుడు?"

మడతలమ్మ దుప్పటి రెండు కొసలూ గడ్డంకింద నొక్కిపెట్టుకొని ఆయనవైపు చూసింది. "కొట్టానా? ఏమో బాబాయ్, మోచెయ్యి తగిలిందేమో. ఏం, ఏమైనా అయిందా?"

"ఏం కాలేదు. లేచి చూశాను, అంతే."

"మరి ఇంకేం!"

ఆయన తిరిగివచ్చి కూర్చున్నాడు. మోచేయి తగిలితే అలా ఉంటుందా అని కొంతసేపు ఆలోచించాడు. ఉండవచ్చు. ఉండకపోవచ్చు. అద్దంలో నీరు ఊగుతూనే ఉంది. కాసేపయ్యాక, ఎందుకో తెలియకుండానే, చేయి చాచి గోడమీద తానూ ఒకసారి తట్టాడు. అవతలినుంచి నవ్వు వినిపించింది.