సద్దిగిన్నెలు ఎచ్చగుంచే గోడ

మా పక్కింటి సైన్సు సారు మొన్న శుక్రారం కాలం జేసిండు. గుండె ఆగింది. బూడిదె ధర్మపురిల గోదారిల కలిపొచ్చినం. ఏడ్సుడు అయిపోయింది, కోపం మాత్రం అట్లనే ఉన్నది. సారు అడిగిన ఒక్క మాటకు బొగ్గుబాయి ఆఫీసోళ్లు ఏండ్లకేండ్లు జవాబియ్యలే. అడిగీ అడిగీ మనిషే పోయిండు. నాకు చదువు అంతంతే, వచ్చినకాడికి రాస్తున్న.

మాది బొగ్గుబాయి కాలనీ. బాయిల బొగ్గు తీసుడయినంక పాత జాగను ఇటుక గోడతోని మూస్తరు. అసుంటి గోడ ఒకటి ఎచ్చగుంటది. అందరం సద్దిగిన్నెలు దానికి ఆనిచ్చి పెడ్తుంటిమి. తినేయాళ్లకు అన్నం పొయ్యి మీదికెల్లి దించినట్టుంటుండె. జాగ కోసం కొట్లాడుకుందుము గూడ. నేను రిటైరయిన, ఇప్పుడు నా కొడుకు పెడ్తుండు.

ఓనాడు అరుగు మీద కూసోని గీ ముచ్చట సారుకు చెప్పిన, గొప్పగనే. నవ్వుతడనుకున్న. చాయి గిలాస కింద పెట్టిండు.

"అన్నా, గోడకు ఎచ్చ ఎక్కడిది?"

నన్ను వాళ్ల వంటింట్లకు తీస్కపోయి గ్యాస్ పొయ్యి ముట్టిచ్చిండు. మీద గిన్నె లేదు. మంటకు పక్కన చెంప పెట్టుమన్నడు. సురుక్కుమన్నది. ముసలోళ్లకు సలి పుట్టిందా అని ఆయన ఇంటామె ఎక్కిరిచ్చింది. వేడిగాలి పైకి పోతది గద, పక్కకున్న చెంపకెట్ల తాకిందని అడిగి, ఆయనే చెప్పిండు. కాలినకాడ పుట్టిన గ్యాసు వేడికి లోపల్లోపల వణుకుతదట. వణికి, కంటికి కానరాని వెలుగు ఇడుస్తదట. తాకింది గదే.

"గోడ ఎనుక మిగిలిపోయిన బొగ్గు దానంతటదే కాలుతుంది. గాలి సాలక కాలితె పుట్టే గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. పీల్చినోడు పండుకున్నట్టే పోతడు."

దాన్ని పట్టే మీటరున్నదట. వేడిమీద ఏ వెలుగు ఇడుస్తదో, సల్లగున్నప్పుడు గదే వెలుగును ఆ గ్యాసు మింగుతదట. ఎంత మింగిందో చూసి, గ్యాసు ఎంతున్నదో మీటరు చూపెడ్తది. గోడకాడ ఒకటి పెట్టుండ్రని సారు ఆఫీసుకు పోయిండు. బడిపంతులుకు బాయి సంగతులేందని కూసోమనకుండనే పంపిండ్రు. ఎండకాలం సెలవులు వచ్చినప్పుడల్లా ఇస్త్రీ అంగి ఏస్కోని మళ్ల పోయేటోడు. రిటైరయినంక గూడ ఇడువలే. వచ్చి అరుగు మీద కూసుంటె చాయి సల్లారిపోయేది.

"వేడికి ఏం తొందర లేదన్నా, అది ఓపిక వడ్తది" అనేటోడు.

కొడుకుకు నేను చెప్పకపోలే. అందరు ఎచ్చటిది తింటుంటె నేనొక్కన్నే సల్లది తినాల్నా బాపు అన్నడు. నిన్న మళ్ల చెప్పిండు, గోడ మునుపటికంటె జర ఎక్కువ కాలుతుందని. సంబురంగ చెప్పిండు.

సారు దినాలు వచ్చే సోమారం. బాయి మేనేజరు దొరా, గీ కాయితం మీ దాక వస్తదన్న ఆశ నాకు లేదు. వచ్చినా మీరు సదువరు. అయినా అడుగుతున్న. సోమారం పొద్దటి షిఫ్టు కిందికి దిగకముందే, గేటుకాడ, నా కొడుకు ముందట నోటితోని చెప్పాలె: మీటరు పెడ్తరా, పెట్టరా?