హనుమంతరాయుడి గాలం

వజ్రకరూరు పక్క పల్లెల్లో తొలకరి పడిందంటే మనుషులు తలెత్తి నడవరు. ఎర్రనేల తడి ఆరకముందే ఎక్కడైనా రాయి మెరుస్తుందేమోనని నడుములు వంచి చేలన్నీ గాలిస్తారు. ఆ చూపులో నాగలక్ష్మమ్మను మించినవాళ్లు ఊళ్లో లేరు. చిన్నప్పుడు ఆమెకు ఒక వజ్రం దొరికింది. కొన్న సేటు బాగుపడ్డాడు. ఆమెకు మిగిలింది వంగే అలవాటు ఒక్కటే. ఆమె మొగుడు హనుమంతరాయుడి విద్య వేరు. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పాడంటే రాయి అనుకున్నచోట పడాల్సిందే. పిట్టను మాత్రం కొట్టేవాడు కాదు. దాని ముందు రాయి వేసి లేపేవాడు.

బోరు ఎండిపోయింది. ఇంకో బోరు వేస్తే అదీ దుమ్మే కక్కింది. శెనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. ఇంక చేసేదేముంది, మొగుడూ పెళ్లాలు మూటా ముల్లే సర్దుకుని ఉడుపి అవతల సముద్రపు ఒడ్డున ఒక ఐసు ఫ్యాక్టరీలో పనికి చేరారు. గుక్కెడు నీళ్లకు ఏడ్చే మనుషులకు దేవుడు కళ్లు చెదిరేన్ని నీళ్లు చూపించాడు, తాగడానికి పనికిరానివి. ఆయనకు ఇలాంటి పరాచికాలు భలే ఇష్టం.

ఎండబెట్టిన చేపల మీద వాలే కాకుల్ని హనుమంతరాయుడు ఐసుముక్క విసిరి లేపుతుంటే, వలలు బాగుచేసే ఒక ముసలాయన చూశాడు. ఆ గురికి ముచ్చటపడి చేపలు పట్టే తన పాత రాడ్డూ రీలూ చేతిలో పెట్టాడు. దారం చివర జానెడు చెక్కచేప. దాని పొట్ట కింద ఒకటి, తోక కింద ఒకటి, మూడేసి ముళ్ల గాలాలు. దూరంగా విసిరి కుదుపుతూ లాగితే అది నీటి పైనే బుడుంగు బుడుంగుమంటూ వస్తుంది. ఏదో దెబ్బతిన్న చిన్నచేప అనుకుని పెద్ద పార చేప కిందినుంచి దూసుకొచ్చి కరుస్తుంది.

నాలుగు రోజుల్లో ఆ ఒడ్డున అతనంత దూరం విసిరేవాడు లేకపోయాడు. పొద్దున్నే పనికి ముందు రాళ్ల మీద నిలబడేవాడు. నాగలక్ష్మమ్మ బుట్ట పట్టుకుని వెనక కూర్చునేది. చేప పడితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. ఆ పరాయి ఊళ్లో అతను దిగులుపడకుండా ఉన్నాడంటే ఆ చప్పట్ల వల్లే. ముసలాయన వాళ్లకు పదేపదే చెప్పింది ఒక్కటే, సముద్రానికి వీపు చూపించొద్దని.

జూన్ మొదట్లో రాత్రంతా వాన కురిసింది. తెల్లారేసరికి అలలు పెరిగాయి. వానాకాలం ముదిరితే ఇక రాళ్ల మీదికి రాలేమని, ఆ ఒక్క పూటకూ వెళ్లారు. హనుమంతరాయుడు చెక్కచేపను విసిరి లాగుతుండగా పక్కన కింది రాళ్లనుంచి కేక వినిపించింది.

"ఇదో, ఈడేందో మెరుస్తాండాది!"

తిరిగి చూశాడు. వాన కడిగిన రాళ్ల సందులో ఏదో తళుక్కుమంటోంది. గాజుపెంకో, చేప పొలుసో. నాగలక్ష్మమ్మ నీటి అంచుదాకా దిగి, సముద్రానికి వీపు పెట్టి వంగి ఉంది. తొలకరికి వంగే నడుముకు అది ఏ ఊరో ఏం తెలుస్తుంది?

"లెయ్! పైకి రా! అల వస్తాండాది!"

ఆమె తలెత్తేలోపే అల వచ్చి లాక్కుపోయింది.

ఇద్దరికీ ఈత రాదు. అనంతపురం మెట్టనేల మీద పుట్టినవాళ్లకు ఈత ఎవడు నేర్పుతాడు? చుట్టుపక్కల ఇంకో మనిషి లేడు. పెద్ద పారను ఆపే దారం ఆడమనిషిని ఆపలేదా అనిపించి, అతను గబగబా దారం చుట్టి రాడ్డు ఎత్తాడు. ఆమె మెడా భుజమూ నీటిపైన కనిపించాయి. పక్కనే ఎర్రకొంగు తేలుతోంది. ఆ ముళ్లు చేప దవడను ఎలా చీలుస్తాయో రోజూ చూస్తున్నవాడు. ఆ మెడ మీద వేయడానికి ప్రాణం ఒప్పలేదు. జానెడు పక్కకు, కొంగు మీదికి విసిరాడు.

గురి తప్పలేదు. గాలం కొంగును పట్టింది. లాగితే ఆమె రెండు బారలు దగ్గరికి వచ్చింది కూడా.

"కొంగు పట్టుకో లచ్చిమీ! ఇడ్సద్దు!"

ఇంకో అల విరిగిపడింది. దారం ఒక్కసారిగా తేలికైంది. ఒడ్డుకు చీర ఒక్కటే వచ్చింది. ముళ్లకు చుట్టుకున్న చీరను పీకి పారేసి అతను మళ్లీ విసిరాడు. ఆమె కనిపించని నీళ్లలోకి, రేవువాళ్లు వచ్చి రాడ్డు లాక్కునేదాకా విసురుతూనే ఉన్నాడు.

మర్నాడు పడవవాళ్లకు శవం దొరికింది. ఊరికి తెచ్చారు. తల్లి తిమ్మక్క కూతురికి తానే నీళ్లు పోస్తానంది. పసుపు రాస్తూ మెడా భుజాలూ వీపూ తడిమి చూసింది. గాలం విసిరినా చీర ఒక్కటే వచ్చిందని అప్పటికే అల్లుడి నోట విన్నది. బయటికి వచ్చి, గోడకు ఆనుకుని కూలబడ్డ అతని ముందు కూర్చుంది.

"ఒంటి మీద గాటు ఒగటి గూడా లేదే. గాలం తగల్లేదా?"

"నేనే తగలనీలేదు అత్తా. దానికి నొప్పి అయితాదని కొంగు మీదికి ఏసినా."

తిమ్మక్క తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు అనిపించింది అతనికి. ఆమె అతని కుడిచెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"తగలనియ్యాల్సింది నాయనా," అంది. "గాయమైతే మానిపోయేది గదప్పా."